ఆతిథ్యమునకు ప్రతిగా నేమీయవలెను?

ఒక యింట రెండు దినములు తిని, నిదురించి, మూడవ నాడు సెలవు తీసికొనునపుడు ఆ యింటివారికి మనమేమైన నీయవలెనా? ఇచ్చినచో ఏమి యీయవలెను, ఎంతలో నీయవలెను? ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగా కనిపించును. పండితులు చర్చింపదగిన సమస్య కాదని కొందఱు నవ్వుదురు కూడ. కాని పెద్ద ధర్మములను ఆచరించుటకు సామాన్యునకు జీవితమున నాలుగైదు సందర్భములు మాత్రమే తటస్థించును. చిన్న ధర్మములు ప్రతి వారమును గుమ్మము కడకు వచ్చి నిలుచును. కావున వానిని గూర్చి కొంత విచారించుట వ్యర్థము కాదని నా నమ్మకము.

మన భాషలో ‘అతిథి’ యను పదమునకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి అందఱెఱిగినదే. తిథి నియమము లేక, ముందుగా తెలుపక, ఆకలితో వచ్చినవాడు అతిథి. తెలిసినవాడై, పిలుపు నందుకొని వచ్చినవాడు అభ్యాగతుడు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు చదువు ముగించిన శిష్యునకు తల్లిని, తండ్రిని, ఆచార్యుని వలెనే అతిథిని గూడ దేవునిగా నెంచుమని బోధించెను. ఆ బోధ గృహస్థునకే గాని అతిథికి కాదు. ముక్కు మొగము తెలియని బాటసారికి అన్నము పెట్టినవాడు ప్రతిఫలము నాశింపడు. ఆ బాటసారి యొద్ద ఈయదగినదియు నుండదు. నేడు మన యిండ్లకు అట్టివారు వచ్చుట అరుదు. శుక్రవారము రాత్రి బస్సునకు టిక్కెట్టు కొని, చేరు వేళను ఫోనులో తెలిపి, ఆదివారపు తిరుగు ప్రయాణమునకు గూడ ముందే యేర్పాటు చేసికొని వచ్చు బంధువు అభ్యాగతుడు. తిథి లేక వచ్చినవానిని అపార్ట్‌మెంటు ద్వారము కడ కావలివాడు నిలిపివేయును; ఇంటివారు ఔనన్న పిదపనే లోనికి విడుచును. కనుక మన ప్రశ్న అభ్యాగతుని ధర్మమునకు సంబంధించినది. శాస్త్రములు గృహస్థధర్మమును విస్తరించి చెప్పినవి. వచ్చినవాని ధర్మమును మన పెద్దలు ఎక్కువగా ఆచార రూపమున విడిచిపోయిరి.

మేము నివసించు హూడి ఈ విచారణకు తగిన తావు. బెంగుళూరునకు తూర్పున, కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డునకును నడుమ నున్న యీ గ్రామము, 1990ల దశాబ్దమున సమీపమున కంప్యూటరు కంపెనీలు వెలసినది మొదలు క్రమముగా నగరములో కలిసిపోయినది. రాయలసీమ జిల్లాల నుండియు, కోస్తా తెలంగాణముల నుండియు వచ్చిన మన పిల్లలు పెక్కుమంది యిచట కాపురములు పెట్టిరి. చిత్తూరు దిక్కు నుండి ముళబాగిలు, కోలారు, హొసకోటెల మీదుగా వచ్చు బస్సులు కృష్ణరాజపురము కడనే నగరమున ప్రవేశించును. 2023 మార్చి 25న కృష్ణరాజపురము నుండి వైట్‌ఫీల్డు వరకు మెట్రో రైలు నడువ నారంభించుటచే హూడికి నొక స్టేషను లభించినది. ఆ యేడే అక్టోబరు 9న ఆ మార్గము బయ్యప్పనహళ్లితో కలియుటచే నగర మధ్యమునకు ఏకముగా పోవ వీలైనది. రాకపోకలు సులభమైన కొలది బంధువుల రాకయు హెచ్చినది. మనుమలను చూచుటకు వచ్చువారు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు వచ్చువారు, వైద్యమునకు వచ్చువారు, ఊరక నగరము చూచి పోదమని వచ్చువారు, అందఱును శనివారము ఉదయమున సంచులతో దిగుదురు. ఆ సంచులలో నేమున్నదనునదే నా ప్రశ్న.

మన యాచారములో కానుక రెండు దిక్కుల నడచును. రాజు, దైవము, గురువు, పసిపిల్లలు, వీరి యొద్దకు వట్టి చేతులతో పోరాదని పెద్దలు చెప్పుదురు. పసివారున్న యింటికి రెండు అరటిపండ్లయినను లేక పోవుటకు నేటికిని మన స్త్రీలకు మనసొప్పదు. పొరుగింటి నుండి కూర వచ్చిన గిన్నెను వట్టిదిగా తిరిగి పంపరు. చిటికెడు చక్కెరయైనను వేసి పంపుదురు. మఱియొక దిక్కున, వెడలిపోవు ముత్తయిదువకు గృహిణి బొట్టు పెట్టి, తాంబూలముతో రవికెల గుడ్డ నిచ్చి సాగనంపును. అనగా వచ్చినవారు కానుక తెత్తురు. ఇంటివారును వచ్చినందులకు కానుక యిత్తురు. ఇరువురును తామే ఋణపడినట్లు ప్రవర్తించుటచే ఎవరెవరికి బాకీయో తేలకుండ పోవును. మన పొరుగున నున్న కన్నడ సోదరుల యిండ్లలోను ఇట్టి నీతియే కలదు. సంక్రాంతి నాడు నువ్వులు, బెల్లము, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు కలిపిన ‘ఎళ్ళు బెల్ల’ను ఇల్లిల్లు తిరిగి పంచుకొందురు. ఇచ్చినదియు అదే, తెచ్చుకొన్నదియు అదే. లెక్క చూచినచో ఎవరికిని లాభము లేదు. అయినను ఆ పండుగ అది లేక జరుగదు.

అభ్యాగతుని కానుకకు మన పురాణములలో ముఖ్యమైన యుదాహరణము కుచేలుని అటుకులు. పోతనామాత్యుని భాగవత దశమస్కంధమున ఈ కథను చదువని తెలుగువారు తక్కువ. సంస్కృత మూలమును బట్టి చూడగా, ఆ అటుకులను గూడ కుచేలుని భార్య పొరుగిండ్ల యాచించి తెచ్చినదే. అవి నాలుగు పిడికిళ్లు మాత్రమే. ద్వారకలోని ఐశ్వర్యమును చూచిన పిదప ఆ పేదవాడు కొంగుముడి విప్పుటకు సిగ్గుపడెను. అపుడు గృహస్థుడైన కృష్ణుడే ‘నాకేమి తెచ్చితివి?’ యని యడిగి, ముడి విప్పి, తినెను. ఈ కథలో కుచేలునకు లభించిన సంపదను గూర్చి అందఱును చెప్పుదురు. నాకు మాత్రము ఆ అడుగుటలోనే ధర్మసూక్ష్మ మున్నట్లు తోచును. చిన్న కానుక తెచ్చినవాని సిగ్గును పోగొట్టుట పుచ్చుకొనువాని విధి. కృష్ణుడు మర్యాదకై ‘ఇవి యన్నియు నెందుల’కని పలికియున్నచో, కుచేలుడు తల వంచుకొనియే తిరిగి పోయియుండును.

ఇతర దేశములవారును ఈ విషయమున మనకు దూరస్థులు కారు. లాటిను భాషలో ‘హాస్పెస్’ అను నొకే పదము అతిథికిని గృహస్థునకును చెల్లును. హోమరు మహాకవి ఇలియడులో, ఆఱవ సర్గమున, శత్రు సేనలకు చెందిన డయొమిడీసు, గ్లాకసు అను వీరులు యుద్ధభూమిలో ఎదురుపడి, తమ తాతలలో నొకరు మఱియొకరి యింట ఇరువది దినములు అతిథిగా నుండి కానుకలు మార్చుకొనిరని తెలిసికొని, పోరు మాని కవచములు మార్చుకొందురు. ఒకనిది నూఱు ఎద్దుల వెల చేయు బంగారు కవచము. మఱియొకనిది తొమ్మిది ఎద్దుల వెల చేయు కంచు కవచము. గ్లాకసునకు బుద్ధి తప్పినదని కవియే పరిహసించెను. కాని రెండు తరముల నాటి ఆతిథ్యము ఇరువురి ప్రాణములను కాపాడినదను మాట వెలకు మించినది కదా! జపానులో ఒకరి యింటికి పోవునపుడు చేత పట్టుకొని పోవు చిరుకానుకకు ‘తెమియాగె’ యని పేరు. తఱచుగా అది మిఠాయి పొట్లము. ‘ఇది యల్పవస్తువు’ అని చెప్పి యిచ్చుట అచటి మర్యాద. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసమున, పెక్కు జాతుల యాచారములను పరిశీలించి, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట అను మూడును మనుష్యులకు విధులుగా నుండుటను చూపెను. ఉచితముగా కనిపించు కానుక వెనుక కూడ నొక బంధము కలదని ఆయన చెప్పినదాని సారము.

బంధము వేఱు, బాకీ వేఱు. జీవితమంతయు జమాఖర్చుల నడుమ గడపిన గుమాస్తాకు ఈ భేదము కొంత సులభముగా బోధపడును. బాకీ తీరినచో పద్దు కొట్టివేయుదురు. తరువాత ఆ యిరువురకు పని లేదు. మనలో అట్టి పద్దులు వ్రాసికొను కానుకలును గలవు. పెండ్లిండ్లలో చదివింపుల కొఱకొకరు పుస్తకము పట్టుకొని కూర్చుండి, ఎవరెంత యిచ్చిరో వ్రాయుదురు; వారి యింట శుభకార్యమైనపుడు ఆ పుస్తకము తీసి చూచి అంతకు తక్కువ కాకుండ ఇత్తురు. ఇది తప్పు కాదు. పెండ్లి ఖర్చును పదిమంది పంచుకొను నేర్పు అందు కలదు. అందు గూడ మనవారు నూటపదాఱులని లెక్క నుంచిరి. హైదరాబాదు హాలీ రూపాయలు 7 బ్రిటిషు రూపాయలు 6తో సమానముగా నుండిన కాలమున నూఱు రూపాయలకు నూటపదాఱు చిల్లర వచ్చెడిదనియు, ఆ యలవాటు అందుండి పుట్టినదనియు కొందఱందురు. పుట్టుక యెట్టిదైనను, సున్నతో ముగింపక నొకటి మిగుల్చుట మంచిదని మనవారి భావము. లెక్క తెగిపోరాదు, రాకపోకలు నిలిచిపోరాదు అని దాని యర్థము.

ప్రభుత్వమువారి నియమములలోను ఈ వివేకము కనిపించును. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళి (1964)లో 13వ నియమము కానుకలను గూర్చినది. ఉద్యోగి కానుకలు పుచ్చుకొనుటకు హద్దులు పెట్టుచునే, అప్పుడప్పుడు చేసిన భోజనము, వాహనములో ఎక్కించుకొనుట, ఇతర సాంఘిక ఆతిథ్యము కానుకగా నెంచబడవని అది వివరించును. ఆడంబరమైన ఆతిథ్యమును మాత్రము వర్జింపుమని హెచ్చరించును. అన్నము కానుక కాదు, ఆడంబరము మాత్రము లంచమునకు దగ్గఱ చుట్టము అని దాని భావముగా నేను గ్రహించితిని.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, చిన్న కానుక మంచిది, పెద్ద కానుక యింకను మంచిది అని యెవరైన అనుకొనవచ్చును. అచటనే నాకు సందేహము. నేనెఱిగిన యొక కుటుంబములోని సంగతి చెప్పెదను. పేర్లతో పని లేదు. హూడిలో నున్న యొక యువకుని యింటికి అతని మేనమామలిద్దఱు వచ్చిపోవుచుండిరి. పెద్దమామ అనంతపురము దిక్కున సేద్యము చేయువాడు; ఆయన సంచిలో శనగకాయలును, రాగిపిండియు నుండెడివి. చిన్నమామ వ్యాపారమున గడించినవాడు. ఆయన వచ్చిన ప్రతి పర్యాయమును చీరయో, వెండి వస్తువో తెచ్చెడివాడు. ఒక ఆదివారము ఇరువురును ఒకే సమయమున వచ్చిరి. వెండి కుందులు బల్ల మీద వెలసినవి. వాని ఫొటోలు ఫోనులలో బంధువులందఱకును పోయినవి. శనగకాయల సంచి వంటయింటి తలుపు వెనుక నుండెను. ఎవరును ఎవరినేమియు అనలేదు. కాని ఆ తరువాత పెద్దమామ తన భార్యను వైద్యమునకై ఆసుపత్రికి తెచ్చినపుడు మేనల్లుని యింట దిగక, లాడ్జిలో గది పుచ్చుకొనెను. దినమునకు ఆయన చెల్లించిన బాడుగతో ఎన్ని సంచుల శనగకాయలు వచ్చునో! రోగముతో నున్న ముసలమ్మకు లాడ్జి గదిలో గంజి కాచి యిచ్చు దిక్కు లేకపోయెను. సంగతి తెలిసిన మేనల్లుడు మిక్కిలి దుఃఖించెను.

ఇచట తప్పెవరిది? చిన్నమామ ప్రేమతోనే యిచ్చెను. ఇంటివారు పెద్దమామను చులకన చేయలేదు. అయినను ఒక గడప ఎత్తు పెరిగినది. వెండి కుందుల వలన ఆ యింటివారికి భారము కలుగలేదు. వాని భారము తరువాత వచ్చువాని మీద పడెను. మనము సాధారణముగా కానుకను ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ సంగతిగా తలచుదుము. కాని మన వెనుక ఆ గుమ్మమునకు రానున్న మూడవవాడొకడు కలడు. మనమిచ్చినది ఆ యింటికొక రివాజుగా మాఱును. దానిని అందుకొనలేని బంధువు ‘ఈసారి కాదు, మఱియొకసారి పోదము’ అని తనలో ననుకొని, తుదకు రాక మానును. కావున ఉన్నవాడు తన యొద్ద ఉన్నదానికి తగినట్లు గాక, ఆ చుట్టఱికములో అందఱికంటె లేనివాడు కూడ తేగలిగినంతలో కానుక తెచ్చుట ధర్మమని నా యభిప్రాయము.

దీనికి పూర్వపక్షము లేకపోలేదు. ఉన్నవాడు తన వారికి ఘనముగా నిచ్చుకొనుటకు ఎవరి యనుమతి కావలెనని యడుగువారుందురు. ఈయవలదని నేననను. ఆ యింట పెండ్లియైనచో ఇమ్ము. బిడ్డ పుట్టినచో ఉయ్యాల నిమ్ము. కష్టము వచ్చినచో ఎవరికిని తెలియకుండ చేతిలో పైకము పెట్టుము. అవి దానమునకును, సహాయమునకును తావులు. రెండు దినముల విడిదికి ప్రతిగా మాత్రము ఘనమైన వస్తువు నీయకుము. అది ఆతిథ్యమునకు వెల కట్టినట్లగును. వెల కట్టిన వెనుక హోటలునకును మేనల్లుని యింటికిని భేదమేమి?

మఱి చిన్న కానుకలలో నేది మేలు? దీనికి ముందు మనము ఆ యింటి నుండి ఏమి పుచ్చుకొంటిమో చూడవలెను. బియ్యము, పప్పు, పాలు ఈనాడు మన పిల్లల యిండ్లలో లోటు కావు. సోమవారము నుండి శుక్రవారము వరకు ఆఫీసులో శ్రమించి, రద్దీలో ప్రయాణించి వచ్చు కోడలికి శని ఆదివారములు రెండే విశ్రాంతి దినములు. వచ్చినవారు పుచ్చుకొనునది ఆ విశ్రాంతి. దానికి చీరతో గాని వెండితో గాని జవాబు చెప్పుటకు వీలు లేదు. విశ్రాంతికి విశ్రాంతియే ప్రతి. పని పెంచు కానుక కానుక కాదు. ఊరి నుండి చింతపండు తెచ్చువారు గింజ తీసి తెచ్చినచో మేలు. శనగకాయలు వలిచి, వేయించి తెచ్చినచో మేలు. కందిపొడియు, కొఱ్ఱబియ్యమును, డబ్బాలో పెట్టుకొని వెంటనే వాడుకొనదగిన చిట్లపొడియు తెచ్చిన అత్తగారిని ఏ కోడలును మఱవదు. పది కిలోల పచ్చి గోంగూర మూట తెచ్చి వంటయింటిలో దింపిన మామగారి ప్రేమ నిజమైనదే గాని, దానిని ఆ రాత్రి పండ్రెండు గంటల వరకు కోసి, కడిగి, ఆరబెట్టినవారెవరో ఆయన విచారింపరు. ఆదివారము ఉదయము తామే లేచి కాఫీ పెట్టుట, పడుకొన్న పక్కను మడిచి పెట్టుట, పిల్లలను రెండు గంటలు పార్కునకు తీసికొనిపోయి ఆలుమగలను ఇంట నుండనిచ్చుట, సాయంత్రము చీకటి పడక మునుపే బయలుదేరుట, ఇవియు కానుకలే. వీనికి పైకము అక్కఱలేదు. బీదబంధువు గూడ ఉన్నవానితో సమానముగా నీయగలడు.

ఆ యింటిలో మఱియొకరు మన కొఱకు శ్రమించుదురు. వచ్చినవారు నలుగురైనచో అంట్ల గిన్నెలు రెండింతలగును. వానిని తోమునది పనిమనిషి. ఆమె జీతము హెచ్చలేదు, పని హెచ్చినది. మనము వెడలునపుడు ఇంటివారి పిల్లల చేతిలో నోటు పెట్టుటకు మఱవము. ఆమె చేతిలో పెట్టుటకు తఱచుగా మఱచుదుము. ఆతిథ్యమునకు కృతజ్ఞత చూపవలసిన తావులలో నిది మొదటిదని యనవచ్చును.

బొత్తిగా నేమియు తేలేనివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు మా హూడి చేరువలోనే కలదు. మెట్రో మార్గమున కొన్ని స్టేషనుల దూరమున, వైట్‌ఫీల్డులో శ్రీ సత్యసాయి ఆసుపత్రి 2001 నుండి గుండెకును, మెదడునకును సంబంధించిన చికిత్సలను రుసుము లేకుండ చేయుచున్నది. మన సీమ జిల్లాల నుండి పెక్కుమంది బీదలు అచటికి వచ్చుచుందురు. రుసుము పుచ్చుకొననిచోట ఋణము తీర్చుకొనుట యెట్లు? ఇచ్చినవానికే తిరిగి యీయవలెనను నియమము లేదు. బాగుపడి యింటికి పోయినవాడు తన యూరి నుండి బయలుదేరు మఱియొక రోగికి దారి చెప్పి, తోడు వచ్చినచో ఆ ఋణము ముందునకు సాగును. ఆతిథ్యమును అట్టిదే. బెంగుళూరులో మనలను దింపుకొన్నవారు మన పల్లెకు ఎన్నడును రాకపోవచ్చును. మన గుమ్మమునకు వచ్చిన వేఱొకనికి ఒక పూట అన్నము పెట్టి, ఒక రాత్రి చాప పఱచినచో సరిపోవును.

మఱియొక కానుక మన పెద్దలకు బాగుగా తెలిసినది, మనము మఱచుచున్నది. మనలో బంధువులకు ‘కృతజ్ఞతలు’ అని నోటితో చెప్పు వాడుక లేదు. చెప్పినచో పరాయివారిని చేసినట్లుండును. దానికి బదులుగా ఇల్లు చేరిన నాడే ‘క్షేమముగా చేరితిమి’ అని యొక కార్డు వ్రాసెడివారు. మన దేశమున 1879లో పావు అణాకు పోస్టుకార్డు వచ్చినది మొదలు ఈ యొక్క వాక్యము ఎన్ని లక్షల పర్యాయములు వ్రాయబడినదో! అందు కృతజ్ఞత యను మాట లేదు. మీ ప్రేమతో కూడిన ఆందోళనను నేనెఱుగుదును, ఇక మీరు నిశ్చింతగా నుండుడు అను భావము కలదు. నేడు కార్డునకు బదులు ఫోను కలదు. చేరిన మఱునాడైనను ఆ గృహిణినే పిలిచి, వండి పెట్టిన పప్పును పేరు పెట్టి తలచుకొన్నచో అంతకు మించిన బహుమానము లేదు. మగవారితో మాటాడి ముగించుట చాలదు. శ్రమ యెవరిదో మాటయు వారికే చేరవలెను.

పుచ్చుకొనువారికి గూడ నొక మాట. వచ్చిన కానుకల ఫొటోలు తీసి పంపుట మానుదురు గాక. ఒకరి కానుక ప్రక్కన మఱియొకరిది పెట్టకుందురు గాక. తెచ్చిన తినుబండారమును బీరువాలో దాచక, తెచ్చినవారి యెదుటనే విప్పి, పిల్లలకు పెట్టి, తామును తిందురు గాక. ‘ఇవి మాకిక్కడ దొరకవు’ అను నొక్క మాట శనగకాయల సంచికి వెండి కుందులతో సమానమైన గౌరవము నిచ్చును. పైగా హూడిలో నిలిచి ఆ మాట చెప్పుట అసత్యమును కాదు. ఆ మాట విన్న పెద్దమామ మరల ఆ యింటికే వచ్చును.

కానుక మంచిదా కాదా యని తెలిసికొనుటకు వెలచీటి చూడనక్కఱలేదు. దాని వలన ఆ యింటికి మనము మరల పోవుటకు సంకోచము కలుగరాదు. ఇంటివారికి మనలను మరల పిలుచుటకు భయము కలుగరాదు. మనకంటె బీదవాడు ఆ గుమ్మమున అడుగు పెట్టుటకు వెనుదీయరాదు. ఈ మూడును నిలిచినచో రెండు అరటిపండ్లయినను చాలును. మన సంఘమునకు చెందిన ప్రతి గృహమునకును బంధువులు ధనికులు, బీదలు అను భేదము లేక వచ్చుచు పోవుచు నుందురు గాక యని ఆకాంక్షించుచు ఇంతటితో విరమించుచున్నాను.